ఈ కాయ చెప్పి పో

నేను బస్సు నడుపుతూ పడలేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే కడప నుంచి మైదుకూరు దాకా అందరూ అట్లాగే అనుకున్నారు. పదేళ్లుగా కడప–కర్నూలు రోడ్డు మీద స్టీరింగు పట్టిన ఓబులేసు ఆగి ఉన్న బస్సు మీద నుంచి పడ్డాడు. పైన ఉల్లిగడ్డల మూట సరిగా కట్టలేదని క్లీనరు మీద అరిచి, నీ చేత కాదు దిగమని చెప్పి, నేనే ఎక్కి కట్టబోయి, ఆ మూటతో సహా కిందికి వచ్చాను. మూటకు ఏమీ కాలేదు. నా ఎడమకాలు మోకాలి కింద విరిగింది.

అది ఉగాది మర్నాడు. కట్టు కట్టిన గిడ్డయ్య తాతల కాలం నుంచి ఎముకలు అతికే ఇంటివాడు. వెదురు బద్దలు పెట్టి బిగించి, ఆరుద్ర కార్తె వచ్చేదాకా ఆ కాలు నేల మీద మోపకూడదన్నాడు. అంటే మూడు నెలలు. మోపితే ఎముక వంకరగా అతుక్కుంటుందట. వంకర కాలితో నడవచ్చు, మేకలు కాయొచ్చు, పెళ్లిళ్లకు కూడా పోవచ్చు. క్లచ్చి మాత్రం తొక్కలేం.

మా బస్సు యజమాని వచ్చి చూసి, అరడజను అరటిపండ్లు ఇచ్చి, ఆరుద్రలో రెండు కాళ్ల మీద నడిచొస్తే బస్సు నాదేనని, లేకపోతే గోపన్నకు ఇచ్చేస్తానని చెప్పిపోయాడు. గోపన్న అంటే నా బదులు పెట్టుకున్న కొత్త డ్రైవరు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి అర్జీలు పట్టుకొని పోయేవాళ్లతో ఆ బస్సు రోజూ కిటకిటలాడుతోంది. అలాంటి బస్సును ఎవడు వదులుకుంటాడు? నాకు ఇంకో పని రాదు కూడా.

నా భార్య తిరుపతమ్మ నన్ను బండిలో పడుకోబెట్టి పుట్టింటికి తీసుకుపోయింది. మైదుకూరుకు రెండు మైళ్ల ఇవతల, రోడ్డు పక్కనే ఇల్లు. ఆమె తండ్రి పుల్లయ్య నాకు సొంత మేనమామ. అత్త పోయినప్పటి నుంచి ఒక్కడే ఉంటూ ఎనిమిదెకరాల మెట్ట సేద్యం చేసుకుంటున్నాడు. అత్తారింట్లో మంచం మీద పడి తినే అల్లుణ్ణి చూసి ఊరు ఏమనుకుంటుందోనని నేను కుమిలిపోయాను. ఊరు ఏమీ అనుకోలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మొదటి నెల లోపల పడుకొని దూలాలు లెక్కపెట్టాను. ఏడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే. కాలుగాలిన పిల్లి అంటారే, దానికైనా తిరగడానికి కాళ్లున్నాయి. తిరుపతమ్మ మీద అరిచాను, గిడ్డయ్య మీద అరిచాను, ఈగల మీద కూడా అరిచాను. చివరికి తిరుపతమ్మ, నేను లోపలే ఉంటే తనకు పిచ్చి పడుతుందని తండ్రికి చెప్పి, నా మంచాన్ని ఈడ్చి వీధి అరుగు మీద వేయించింది.

అరుగు మీద మామ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కన తొమ్మిది బస్తాలు. విత్తనం గింజ పగలకూడదు కాబట్టి ఒక్కొక్క కాయే చేత్తో చిట్లించాలి. అది ఎట్లాగూ విసుగు పని. దానికి తోడు ఆయన ప్రతి కాయనూ చెవి దగ్గర పెట్టుకొని ఆడించి, "రెండు" అనేవాడు. చిట్లించి చూసేవాడు. రెండుంటే తల ఊపేవాడు. మూడుంటే, ఒకటే ఉంటే, లేదంటే లోపల గింజే లేని లొట్టకాయైతే నవ్వేవాడు. అది కూడా మొహమాటపు నవ్వు కాదు, భుజాలు ఊగేటట్టు. పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా వేల కాయలు, వేల సార్లు అదే పని. మూడో రోజుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దీనికి పందెమేమిటని అడిగాను.

"పందెమేముండాది అబ్బోడా," అన్నాడు. "లోపల ఏముండాదో తెల్సుకునేది, అంతే."

తప్పు చెప్తే ఏం పోతుందని అడిగితే ఏమీ పోదన్నాడు. ఒప్పు చెప్తే ఏం వస్తుందంటే ఏమీ రాదన్నాడు. పందెం లేని ఆట ఆడే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. కర్నూలు బస్టాండులో మేం కాకి ముందు ఎగురుతుందా, పిచ్చుక ముందు ఎగురుతుందా అని కూడా పందెం కాసేవాళ్లం. అయినా ఆయన అయిదింట రెండుసార్లు తప్పు చెబుతుంటే ఊరుకోలేకపోయాను. ఇంజను చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పేవాణ్ణి, ఒక కాయ సంగతి చెప్పలేనా అని ఒకటి తీసుకొని ఆడించి మూడన్నాను. ఒకటే ఉంది. ఇంకొకటి తీసుకున్నాను. ఆ రోజు చీకటి పడేదాకా తీసుకుంటూనే ఉన్నాను, కోపంతో. తిరుపతమ్మ మాత్రం ఇల్లు చల్లబడిందని సంతోషించింది.

కానీ రోజూ పది గంటలకు నా బస్సు ఆ ఇంటి ముందు నుంచే పోయేది. గోపన్న మలుపులో గేరు మారుస్తుంటే బస్సు పళ్లు కొరికేది. ఆ చప్పుడు నా ఎముకలోకి దిగేది. బస్సు పోయిన గంటసేపటి వరకు ఒక్క కాయా సరిగా చెప్పలేకపోయేవాణ్ణి.

రోహిణి కార్తె ఎండల్లో ఒకరోజు బస్సు మా అరుగుకు ఎదురుగ్గా ఆగిపోయింది. గోపన్న పెడలు దబదబా తొక్కి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పట్టించాడు. క్లీనరు హ్యాండిల్ తిప్పి తిప్పి చొక్కా విప్పేశాడు. జనమంతా దిగి ఎండలో నిలబడ్డారు. నాకు జబ్బేమిటో తెలుసు, మందూ తెలుసు. పెడలు ముట్టకుండా కాసేపు వదిలేయమని ఇక్కడి నుంచే కేక వేశాను. గోపన్న విననట్టు నటించి మళ్లీ తొక్కాడు.

ఇక నావల్ల కాలేదు. కర్ర పట్టుకొని లేచాను. అరుగుకు రెండు మెట్లున్నాయి. ఒంటికాలితో దిగలేను, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ కట్టుకట్టిన కాలు కిందికి చాచాను. ఒక్కసారే కదా, రెండు మెట్లే కదా అనుకున్నాను. లోపల నుంచి తిరుపతమ్మ వద్దని ఏడుపు గొంతుతో అరిచింది. మామ అరవలేదు, చెయ్యి పట్టుకోలేదు. ఒక కాయ నా ముందుకు చాచాడు.

"ఈ కాయ చెప్పి పో," అన్నాడు.

ఆ సమయంలో ఆ మాటకు ఆయన తలకాయ పగలగొట్టాలనిపించింది. విసురుగా లాక్కొని ఆడించి రెండన్నాను. మూడున్నాయి. అదెట్లా మూడు, ముందే చూసి పెట్టుకున్నావు అన్నాను. ఆయన ఇంకొకటి ఇచ్చాడు. అదీ తప్పే. మోసమని అరిచి, బస్తాలో చెయ్యి పెట్టి నేనే తీసుకున్నాను. మూడో కాయ, నాలుగో కాయ, ఎన్నో తెలియదు. కర్ర ఎప్పుడు వదిలానో, మంచం మీద ఎప్పుడు కూర్చున్నానో కూడా తెలియదు. ఇంతలో ఇంజను గుర్రుమంది. తిప్పి తిప్పి అలసిపోయి వాళ్లందరూ చెట్టు నీడకు పోయి బీడీ కాల్చుకొని వచ్చారట. ఆ కాసేపట్లో బస్సు దానంతట అదే తేరుకుంది. జనం ఎక్కారు. బస్సు పోయింది.

నేను నా కాలు వైపు చూసుకున్నాను. అది నేలను తాకనే లేదని అప్పుడు తెలిసింది.

"మందేమంటివి?" అన్నాడు మామ. "ఊరికే వదిలేయల్ల. అంతే గదా?"

తర్వాత ఆయనే చెప్పాడు. సర్కారు గంజి కేంద్రాలు పెట్టిన కరువు ఏడాది, మృగశిరలో నాలుగు చినుకులు పడగానే ఆగలేక ఎనిమిదెకరాలూ విత్తాడు. వెనకాల వాన రాలేదు. విత్తనమంతా మట్టిలోనే మాడిపోయింది. నెల తర్వాత మంచి వాన పడేసరికి ఇంట్లో పిడికెడు గింజలు లేవు. ఊళ్లో నలుగురు విత్తుతుంటే తను చెంబు పట్టుకొని గంజి కోసం నిలబడ్డాడు. అత్త అదే ఏడు పోయింది.

"నీ తీట కాల్లో ఉండాది, నాది చేతిలో ఉండాది," అన్నాడు. "మబ్బు చూస్తే చాలు, శానా పీకుతాది. అందుకే దానికి ఈ కాయలిచ్చినా."

అంతవరకు నేను ఆయన్ను నిమ్మళమైన మనిషి అనుకున్నాను. నాలాంటివాడేనని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత నిజంగానే ఆటలో పడ్డాను. మూడన్న కాయలో మూడూ కనిపిస్తే లోకం జయించినట్టుండేది. లొట్టకాయను రెండన్న రోజు నవ్వలేక కడుపు పట్టుకున్నాను. కాలు దురద పెట్టడం మానలేదు, గోపన్న గేరు చప్పుడూ మానలేదు. అయినా రోజులు గడిచాయి.

మృగశిర వచ్చిన వారానికి మధ్యాహ్నం పూట మబ్బు పట్టింది. పావుగంట సేపు చినుకులు పడి మట్టి వాసన లేచింది. ఊరు ఊరంతా కదిలింది. ఎడ్లు, విత్తే గొర్రులు, విత్తనం మూటలు మా ఇంటి ముందు నుంచి పోతున్నాయి. ఎవరో పుల్లయ్యను కూడా పిలిచారు. మామ లేచాడు. మేమిద్దరం ఒలిచిన గింజల బస్తాకు చేతులు వేశాడు. నేలలోకి తడి వేలి కణుపంత కూడా దిగలేదని తిరుపతమ్మ చెప్తూనే ఉంది. ఆయనకు వినపడలేదు. ఆయన కళ్లు చూసి నాకు భయమేసింది. ఆ రోజు మెట్లు దిగబోయినప్పుడు నా కళ్లు కూడా అట్లాగే ఉండి ఉంటాయి.

నా తొడ కింద ఒక కాయ ఉంది. తీసి చాచాను.

"మామా, ఈ కాయ చెప్పి పో."

నన్ను చంపేసేటట్టు చూశాడు. లాక్కున్నాడు. చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఊపి రెండన్నాడు. నేను చిట్లించి చూపించాను. లొట్ట. చప్పుడే చేయని కాయకు రెండు అన్నాడు ఆయన.

ఆ ఖాళీ తొక్కను చాలాసేపు చూశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. అంతలో భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. నవ్వుతూనే బస్తా మూతి కట్టేసి చాప మీద కూర్చున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు చినుకు లేదు. ఊళ్లో సగం విత్తనం మాడింది. మామ ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు.

ఆరుద్ర మొదటి రోజు గిడ్డయ్య వచ్చి కట్టు విప్పాడు. కాలు సన్నగా, పాలిపోయి ఉంది. కానీ తిన్నగా ఉంది. తన అరచెయ్యి అడ్డం పెట్టి తొక్కమన్నాడు. మూడు నెలల కసి అంతా పెట్టి తొక్కాను. గిడ్డయ్య వెనక్కి పడి బస్తాకు గుద్దుకున్నాడు. తిరుపతమ్మ నవ్వుతూ ఏడ్చింది. పది రోజులు నడిచి కాలు గట్టిపడ్డాక బస్సు మళ్లీ నాదైంది.

రోజూ పది గంటలకు నేను మలుపు తిరగగానే మామ అరుగు మీద ఒక కాయ ఆడించి వేళ్లు చూపించేవాడు, రెండో మూడో. నేను నాకు తోచినన్ని సార్లు హారను కొట్టేవాణ్ణి. ఎక్కువ రోజులు ఆయన చెప్పింది తప్పే. కాయ చిట్లించాక ఆయన భుజాలు ఊగడం అద్దంలో కనిపించేది. విత్తనం బస్తాలు మాత్రం అట్లాగే ఉన్నాయి. కార్తెలు గడుస్తున్నాయి. ఈయన ఆగింది తప్పేమో, అసలు వాన రాదేమో, ఆ పాపం నా కాయదేమో అని నాకు గుబులుగా ఉండేది.

పునర్వసులో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. మూడో రోజు తెరిపిచ్చింది. మలుపు తిరిగి చూస్తే అరుగు ఖాళీ. చాప లేదు, చేట లేదు, మామ లేడు. నేను అక్కడున్న మూడు నెలల్లో ఆయన ఆ అరుగు మీద లేని పగలు లేదు. బ్రేకు వేసి బస్సు ఆపేశాను. కర్నూలు పోయే అర్జీలవాళ్లు పొద్దుపోతోందని గొణిగారు.

అప్పుడు కనిపించాడు. ఇంటి వెనక చేలో, పంచె పైకి దోపుకొని, ఎడ్ల వెనక గొర్రు పట్టుకొని నడుస్తున్నాడు. పక్కన ఒకామె గింజలు వేస్తోంది, మేం చెవి దగ్గర ఆడించి ఒలిచిన గింజలు. హారను మూడుసార్లు కొట్టాను. ఆయన వెనక్కి తిరగలేదు. తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తి రెండు వేళ్లు చూపించాడు.

"ఎందుకాపినావప్పా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఎడమ కాలితో క్లచ్చి తొక్కి గేరు వేశాను.