దోసిట పట్టిన గ్లాసు

నేను ఒక గాజు గ్లాసును. మంచినీళ్ల గ్లాసును కాను, టీ గ్లాసును అంతకన్నా కాను. స్పెయిన్ దేశానికి ఉత్తరాన ఒవియెడో అని ఒక పాత నగరం ఉంది. అందులో ఏటవాలుగా దిగే ఒక వీధి పొడవునా సైడర్ అంగళ్లే. సైడర్ అంటే పులియబెట్టిన ఆపిల్ రసం, మీ కల్లుకు దూరపు చుట్టం అనుకోండి. దాన్ని తాగడానికే నన్ను పుట్టించారు. మరి తెలుగెలా వచ్చిందంటారా? నా అంచుకు పెదవి ఆనించినవాళ్ల మాట నాకు అంటుకుంటుంది. నాకున్న చదువు అదే.

ఇసుకగా ఉన్నదాన్ని కొలిమిలో కరిగించి, ఉల్లిపొరంత పల్చగా ఊదారు. ఎత్తు నుంచి పడే ధార అంచుకు తగిలి నురగ రావాలంటే గాజు అంత పల్చగా ఉండాలట. పల్చగా ఉన్నందుకు మెచ్చుకుంటారు, పగిలితే అందుకే తిడతారు. మనుషుల దగ్గర పనిచేయాలంటే ఇలాంటివి మనసులో పెట్టుకోకూడదు.

నన్ను ఎన్నో ఏళ్లు మోసింది బెలార్మినో ఎడమ చెయ్యి. ఆయన పని సైడర్ పోయడం. కుడిచేత్తో సీసాను తలకు పైన ఎత్తి, ఎడమచేత్తో నన్ను మోకాలి దగ్గర వంచి పట్టుకుని, చూపు మాత్రం ఎదురుగా వీధి మీద నిలిపేవాడు. పోసేవాడు ధార వంక చూడకూడదని అక్కడి పద్ధతి. తాగేవాళ్లు నురగ చావకముందే ఒక్క గుక్కలో తాగి, అడుగున కొంచెం మిగిల్చి, పెదవి ఆనిన వైపు నుంచే నేల మీదికి ఒంపేస్తారు. అంచు కడిగినట్టయింది గనుక అదే గ్లాసు పక్కవాడికి వెళ్తుంది. ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్లు మొహం చిట్లించనక్కర్లేదు.

అలాంటి బెలార్మినోకు ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. సైడర్ జనం బూట్ల మీద పడసాగింది. ఒక్క నెలలో నా తోటివాళ్లు ఆరుగురు నేలపాలయ్యారు. అంగడి యజమాని కొవడోంగా చెడ్డది కాదు, చిన్నప్పటి నుంచి ఆయన కళ్ల ముందు పెరిగిన మనిషే. అయినా మీట నొక్కితే సైడర్ పోసే యంత్రం ఒకటి తెప్పించింది.

“శనివారం దాకా చూద్దాం. చెయ్యి నిలవకపోతే ఇక మీరు కూర్చోండి. యంత్రం పోస్తుంది” అంది.

ఆయన మర్నాటి నుంచి వీధిని వదిలేసి నా వంకే చూస్తూ పోయడం మొదలుపెట్టాడు. చూసినకొద్దీ వణుకు ఎక్కువైంది. నాకూ భయమే, దాచుకోవడమెందుకు?

ఆ శనివారం మధ్యాహ్నమే కిష్టాగౌడ్ వచ్చాడు. నల్లగొండ దగ్గరి పల్లెలో ముప్పై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మేనకోడలు నవనీతను చూడ్డానికి వస్తే, ఆమె ఈ వీధి చూపిద్దామని తీసుకొచ్చింది. గోడ మీది ఫొటోల దగ్గర ఆయన ఆగిపోయాడు.

“వీళ్లెవరు బిడ్డా?”

“సైడర్ పోసెటోళ్లు మామా. పాతకాలపోళ్లు.”

“పోసెటోళ్ల ఫొటోలు గోడకు పెట్టిన్రా?” అని ఒక్కో ఫొటో చూస్తూ నడిచాడు. “నేను చెట్టెక్కిన మోకు అటక మీద పడేసి ఉన్నది. ఇంటికి పోంగనే దించాలె.”

బెలార్మినో సీసా ఎత్తాడు. ఎడమచేతిలో నేను గడగడలాడుతున్నాను. గల్లా దగ్గర నుంచి కొవడోంగా చూస్తోంది. కిష్టాగౌడ్‌కు ఇక్కడి పద్ధతి తెలియదు. వాళ్ల ఊళ్లో కల్లు అమ్మే మండువాలో తాగేవాడే మోదుగాకు దొప్పను దోసిట్లో పట్టుకుని గొంతుక్కూర్చుంటాడు, పోసేవాడు పైనుంచి పోస్తాడు. బెలార్మినో తన కోసమే గ్లాసు చాపుతున్నాడనుకుని, నన్ను మర్యాదగా అందుకుని, రంపపు పొట్టు చల్లిన నేల మీద గొంతుక్కూర్చున్నాడు. అంగట్లో అందరూ ఇటు తిరిగి చూశారు.

“మామా, ఇక్కడ అట్ల కాదు. ఆయననే పట్టుకుంటడు.”

“పట్టుడు తాగెటోని పని బిడ్డా. పోసుడే ఆయన పని. పొయ్యమను.”

నవనీత సిగ్గుపడుతూనే ఆ మాట స్పానిష్‌లో చెప్పింది. బెలార్మినో ఖాళీ అయిన ఎడమ చెయ్యి వంక ఒకసారి చూసుకుని, దాన్ని ఏప్రన్ జేబులో పెట్టేశాడు. కుడి చెయ్యి పైకి లేచింది. చూపు వీధి మీదికి పోయింది. ఎన్నో రోజుల తర్వాత ధార తిన్నగా వచ్చి నా అంచును తాకింది. ఒక్క చుక్క బయట పడలేదు.

కిష్టాగౌడ్ తాగబోతూ ముందు రెండు చుక్కలు నేల మీద వదిలి, “ఎల్లమ్మ తల్లీ” అన్నాడు.

అదేమిటని బెలార్మినో అడిగితే, మొదటి చుక్కలు తల్లికని నవనీత చెప్పింది. “మేం చివరివి ఒంపుతాం, వీళ్లు మొదటివి” అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని నెలలైంది.

పక్క బల్లవాళ్లు తామూ అలాగే కూర్చుంటామన్నారు. సాయంత్రానికి గోడ పొడవునా జనం గొంతుక్కూర్చున్నారు. సోమవారం యంత్రం వచ్చిన పెట్టెలోనే తిరిగి వెళ్లిపోయింది. ఇది జరిగి ఆరేళ్లు. ఇప్పుడు గైడ్లు యాత్రికులను తీసుకొచ్చి, ఇలా కూర్చుని తాగడం ఈ అంగడిలో తాతముత్తాతల నాటి ఆచారమని చెబుతుంటారు. బెలార్మినో కాదనడు. నేనూ కాదనను.

పోయిన నెల ఆయన తనంతట తానే ఏప్రన్ విప్పాడు. ఆ రోజు కొవడోంగా సీసా ఎత్తితే, ఆయన మోకాళ్లు కటకటమంటుండగా గొంతుక్కూర్చుని నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి వణుకుతుంటే కుడి చెయ్యి ఆపింది. ఆమె పోసింది సగం నేలపాలైంది. ఆయన రెండు చుక్కలు వదిలి, “ఎల్లమ్మ తల్లీ” అన్నాడు. ఆ తల్లి ఎవరో ఆయనకు తెలియదు. ఎందుకు తలుచుకున్నాడో నాకు తెలుసు, నాకూ ఆ కిష్టాగౌడ్ రుణం ఉంది.

తాగి, చివరి గుక్కతో నా అంచు కడిగి, నన్ను కొవడోంగా చేతికిచ్చి, సీసా తను తీసుకున్నాడు.

“ఇక నువ్వు కూర్చో అమ్మాయ్. నేను పోస్తాను.”

అంగడి నడిపినన్నేళ్లలో ఎన్నడూ నేల మీద కూర్చోని మనిషి, కూర్చుంది. నన్ను దోసిట్లో పైకెత్తింది. ఆయన వీధి వంక చూస్తున్నాడు.