చేతి కారం

తొడిమ తీసిన మిరపకాయను కుప్పలోకి విసిరి, మల్లేశ్వరి మోచేత్తో నుదుటి చెమట తుడుచుకుంది. అరచెయ్యి ముఖానికి తగలకూడదు, కొంగుకూ ఘాటే. గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీ పక్కనున్న ఆ రేకుల షెడ్డులో ఇరవై ఏళ్ల పైనుంచీ అదే పని. తలకు పాత తువ్వాలు, ముక్కుకు గుడ్డ, మధ్యలో ఎర్రబడ్డ కళ్లు. గోళ్ల చుట్టూ చర్మం కంది ఉబ్బి ఉంటుంది. కొబ్బరినూనె రాసినా, మజ్జిగతో కడిగినా మంట పూర్తిగా వదలదు.

ఆ చేతుల వల్లే ఇంట్లో పిండి కలపడం భర్త యలమంద పనైంది. కూతురు శ్రీరమ్య చంటిదిగా ఉన్నప్పుడు నీళ్లు పోసిందీ, కాటుక పెట్టిందీ అతనే. పగలంతా మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసి, ఇంటికొచ్చి జంతికల పిండి పిసికేవాడు. నిరుడు ఊపిరాడని జబ్బుతో మంచాన పడ్డాక ఆ ఇంట్లో పిండివంట లేదు. ఈమధ్య అన్నమూ సహించడం లేదు. అలాంటిది, ఈ ఉదయం ఆమె పనికి బయల్దేరుతుంటే ఫోన్‌లో ఒక వంట వీడియో చూపించాడు.

"ఈ ఉల్లిపాయ చక్రాలు చేస్తావేమే? కరకరలాడేది ఏదన్నా తినాలనుంది."

మేస్త్రీతో చెప్పి ఆమె ఎండ ఉండగానే ఇల్లు చేరింది. ఉల్లిపాయల్ని వేలి మందాన అడ్డంగా కోసి, పొరలు చిట్లకుండా విడదీసి, చన్నీళ్లలో వేసి తీసి బట్ట మీద ఆరబెట్టింది. అతను టీలో ముంచుకునే రస్కుల్ని పప్పుగుత్తితో పొడి చేసింది. మైదా, బియ్యప్పిండి, ఉప్పు గిన్నెలో వేసి నీళ్లు పోసి, గరిటె కోసం చూసింది.

"గరిటెతో ఉండలు కట్టిద్ది. చెయ్యి పెట్టు," అన్నాడు మంచం మీంచి.

"మండిద్దయ్యా."

"మండనీ. నోరు చచ్చిపోయింది నాకు."

ఆమె సందేహిస్తూనే చెయ్యి పెట్టి జారుగా కలిపింది. ఒక్కో చక్రాన్నీ పొడిపిండిలో పొర్లించి, జారులో ముంచి, రస్కు పొడి అద్ది నూనెలో వదిలింది. మొదటిది నూనె సరిగా కాగక మెత్తబడింది. రెండోది పొంగి, బంగారు రంగు తిరిగి, గరిటెకు తగిలితే గలగలమంది.

యలమంద కొరికాడు. ఆ కరకర గదంతా వినిపించింది. కాసేపటికి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారం వేశావా?"

"వెయ్యలేదు. చేతిదే."

అతను నవ్వాడు. నవ్వు దగ్గులో పడి మళ్లీ తేలింది. "ఇన్నేళ్లకి నీ చేతి పిండి తిన్నా. ఇంకోటి ఇయ్యి. నువ్వూ తిను."

ఒకే పళ్లెంలో ఇద్దరూ తిన్నారు. అతను పై పెంకు ఊడదీసి లోపలి ఉల్లిపాయను ముందు, ఆ పెంకును తర్వాత నములుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. పళ్లెం ఖాళీ అయ్యాక, "కాసేపు వాలతా" అని గోడవైపు తిరిగాడు.

మల్లేశ్వరి నూనె వడగట్టింది. మూకుడు తోమి బోర్లించింది. బయట యార్డుకు పోయే లారీలు హారన్లు కొడుతున్నాయి. మంచినీళ్లు పట్టుకొచ్చి, "ఏమయ్యా," అని పిలిచింది. మళ్లీ పిలిచింది. వీపు కదలడం లేదు. గ్లాసు కింద పెట్టి, అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. తర్వాత మంగళగిరిలో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"మీ నాన్న తిన్నాడమ్మా. కడుపునిండా తిన్నాడు," అంది.

చీకటి పడే వేళకు చుట్టుపక్కలవాళ్లు వచ్చి అతన్ని మంచంతో సహా ముంగిట్లోకి చేర్చారు. మంచం తీసిన చోట, గోడ మేకుకు, అతను బస్తాలు లాగే ఇనుప కొక్కెం వేలాడుతోంది. దాని కర్రపిడి అరచెయ్యి పట్టినంత మేర నున్నగా అరిగి, నల్లగా మెరుస్తోంది.