సెమీఫైనల్ మర్నాడు నా మీద రాసిన మాట

నేను ఒక నల్లబల్లను. అయితే బడిలో పిల్లల ముందు నిలబడిన బల్లను కాను. గుంతకల్లు రైల్వే షెడ్డులో ఒక పాత రైలుపెట్టెను విప్పినప్పుడు, దాని తలుపుల టేకుచెక్కను వడ్రంగి మేస్త్రి కోసి, చిత్రిక పట్టి, నల్లరంగు మూడు పూతలు పూసి నన్ను తయారు చేశాడు. స్టేషన్లో టికెట్ల కిటికీ పక్కన తగిలించారు. ఏ బండి ఎంత ఆలస్యమో నా మీద రాసేవారు. పదమూడేళ్లు ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నన్ను చదివిన ప్రతివాడూ వెళ్లి మళ్లీ కిటికీలో అదే అడిగేవాడు.

ఎర్రక్షరాలు పరుగెత్తే కరెంటు బోర్డు వచ్చాక నన్ను పార్సిలు గది వెనక పడేశారు. అక్కడ చూసి, పై అధికారిని బతిమాలి నన్ను తీసుకుపోయినవాడు కంబగిరప్ప.

ఆయన రైలుపెట్టెల ఫిట్టరు. యాభై దాటాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయనకు మిగిలిందల్లా హాకీ. బతుకులో ఒక్కనాడు కర్ర పట్టి మైదానంలోకి దిగినవాడు కాదు. అయినా ఎవరు ఎక్కడ నిలబడాలో, బంతి ఎప్పుడు వదలాలో ఆడేవాళ్లకంటే తనకే బాగా తెలుసునని ఆయన నమ్మకం. రైల్వే కాలనీ మైదానం ఎదురుగా బాషా టీ అంగడి గోడకు నన్ను కొట్టి, రోజూ పొద్దున డ్యూటీకి పోయేముందు ఆటల కబుర్లు రాసేవాడు. రేడియోలో విన్నది రెండు వరుసలు, పేపర్లో చదివింది రెండు వరుసలు, మిగిలిన బల్లంతా ఆయన అభిప్రాయం. చిత్రమేమంటే, బండ్ల సంగతి చెబితే నమ్మని జనం ఇప్పుడు నా మీది ప్రతి అక్షరాన్నీ నమ్మేవారు. టీ గ్లాసు చేతబట్టుకుని చదివి, సాయంత్రానికి దాన్నే సొంత మాటగా చెప్పుకునేవారు.

కాలనీ జట్టు ఏటా రాయలసీమ పోటీల్లో లీగు మ్యాచులన్నీ గెలిచేది. నాకౌటుకు వచ్చేసరికి కాళ్లు చల్లబడేవి. నాలుగేళ్లు వరసగా సెమీఫైనల్లోనే ఓడింది. ఏటేటా కంబగిరప్ప రాతలో కారం పెరిగింది. మొదటి ఏడు ‘మనవాళ్లు అలిసిపోయినారు’ అని రాశాడు. నాలుగో ఏడు ‘లీగులో పులులు, నాకౌటులో పిల్లులు’ అని రాశాడు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆయనకు తలకెక్కింది.

ఐదో ఏడు సెమీఫైనల్ కర్నూలులో. కంబగిరప్పకు సెలవు దొరకలేదు. ఆదివారం సాయంత్రం స్టేషను ఫోనుకు కబురొచ్చింది: ఆట సమానం, పెనాల్టీ స్ట్రోకుల్లో ఓటమి. గోల్‌కీపర్ ఎర్రిస్వామి ఒక్క బంతి కూడా ఆపలేకపోయాడు. కుడివైపు వచ్చిన వాటికి చెయ్యి కూడా చాచలేదట. ఇంతకుమించి ఆయనకేమీ తెలియదు. ఆ రాత్రి అన్నం తినలేదని బాషాతో చెప్పాడు. పొద్దున నా ముందు చాలాసేపు నిలబడి, పెద్ద అక్షరాల్లో రాశాడు:

‘కుడివైపు వచ్చినవన్నీ వదిలినాడు. చేతగాకనా? చేతులు తడిసినందుకా?’

ఆఖరి ప్రశ్నార్థకాన్ని గట్టిగా ఒత్తేసరికి సుద్దముక్క విరిగింది.

ఎర్రిస్వామి ఆ కాలనీలోనే పెరిగినవాడు. తండ్రి లేడు. తల్లి ఈరమ్మ షెడ్డులో ఊడ్చేపని చేసి పెంచింది. ఆటను చూసే అతనికి లివరు లాగి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగం ఇచ్చారు. సోమవారం మధ్యాహ్నం నా ముందుకు వచ్చాడు. కుడిచేతి మీద తువ్వాలు వేసుకుని ఉన్నాడు. రెండుసార్లు చదివాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కంబగిరప్పను చూసి మెల్లగా అడిగాడు.

“మామా, మ్యాచి నువ్వు చూసినావా?”

“చూసేదేముందిరా. స్కోరు చెప్తాంది కదా.”

 ఎర్రిస్వామి ఎడమచేత్తో నన్ను తుడిచేస్తాడేమో అనుకున్నాను. తుడవలేదు, వెళ్లిపోయాడు.

మంగళవారానికి ప్రశ్నార్థకం రాలిపోయింది. మ్యాచి అమ్ముకున్నాడనే మాట కాలనీ క్వార్టర్ల పదకొండు వరసల్లోనూ తిరిగింది. కొళాయి దగ్గర ఈరమ్మ బిందెను వెనక్కి నెట్టారు. వాళ్ల తలుపు మీద ఎవరో బొగ్గుతో బూతుమాట రాశారు. బుధవారం పొద్దున ఎర్రిస్వామి ఇంట్లో లేడు. సెలవు చీటీ ఒకటి స్టేషన్లో ఇచ్చి ఎటో పోయాడు.

గురువారం జట్టు కెప్టెన్ సాల్మన్ కర్నూలులో చుట్టాలింటి నుంచి తిరిగొచ్చాడు. నేరుగా టీ అంగడికి వచ్చి నన్ను చదివాడు.  రెండో సగంలో ఒక బంతి వచ్చి కర్ర పట్టుకునే ఎర్రిస్వామి కుడిచేతి మీద తగిలిందనీ, రెండు వేళ్లు విరిగాయనీ, రెండో కీపరు జ్వరంతో పడుకుని ఉన్నాడు కాబట్టి దిగిపోకుండా అలాగే నిలబడ్డాడనీ చెప్పాడు.

“చెయ్యి సొరకాయంత వాచింది కంబగిరప్పా. గ్లౌజు నేనే కత్తిరించి తీసినా. జట్టులో కూడా ఎవురికీ చెప్పొద్దన్నాడు. వాని మీద ఇది రాసినావా నువ్వు?”

 కంబగిరప్ప భుజం మీది కండువాతో నన్ను తుడిచాడు. ఒత్తి రాసిన మాట అంత తేలిగ్గా పోలేదు. గ్లాసులు కడిగే నీళ్లు తెచ్చి రుద్దాడు. ‘ఎర్రిస్వామి విరిగిన చేత్తో మన కోసం నిలబడినాడు. నేను రాసింది అబద్ధం. తప్పు నాది. కంబగిరప్ప’ అని రాశాడు.

సాయంత్రం వరకు నా పక్కనే నిలబడి అందరినీ పిలిచి చూపించాడు. చదివినవాళ్లు చదివారు. కొందరు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నిప్పు లేనిదే పొగరాదు కదా అన్నాడొకడు. ఇప్పుడెవరు రాయించారని ఇంకొకడు అడిగాడు. చాలామంది అసలు తలెత్తనే లేదు.

మర్నాడు ఆయన డ్యూటీకి పోలేదు. నన్ను మేకుల నుంచి ఊడబీకి వీపున వేసుకుని, తాడుతో నడుముకు కట్టుకున్నాడు. మే నెల ఎండ. నేను తక్కువ బరువున్నదాన్ని కాను. ప్రతి క్వార్టరు ముందూ ఆగి, గడపకు వీపు తిప్పి నిలబడి, లోపలివాళ్లను పేరుపెట్టి పిలిచి చదవమని వేడుకున్నాడు. మొదటి వాకిళ్లలో జాలిపడ్డారు. తర్వాత కొందరు తలుపులు మూసుకున్నారు. ఎదురుగా వచ్చినవాళ్లకు ఆయన ముఖం కనిపించేది, నేను కనిపించేదాన్ని కాను. అందుకని దారిన పోయేవాళ్లకు కూడా తిరిగి తిరిగి వీపు చూపించేవాడు. చెమటకు అడుగు వరుస చెరిగితే దించి మళ్లీ రాసేవాడు. ‘తప్పు నాది’ అన్న మాటను ఆ రోజు ఏడుసార్లు రాశాడు.

ఆఖరికి ఈరమ్మ గడప ముందు నన్ను దించి నిలబెట్టాడు. ఆమె నావైపు చూడలేదు.

“అన్నా, నాకు సదువు రాదు. ఈ పలక నాకేంటికి? నా కొడుకు యాడుండాడో అది చెప్పు.”

అప్పుడే పట్టాలు చూసుకునే గ్యాంగుమన్ ఒకడు సైకిలు మీద వచ్చి హగరి ఏటి వంతెన దగ్గర పట్టాల పక్కన ఒక వయసువాడి శవం పడి ఉందని చెప్పాడు.  ఈరమ్మ గడప మీద కూర్చుండిపోయింది. కంబగిరప్ప నన్ను అక్కడే వదిలి, ఆ సైకిలే ఎక్కి పోయాడు.

మధ్యాహ్నమంతా ఆమె, నేను ఎదురెదురుగా ఉన్నాం. ఇరవై ఏళ్లలో నా మీద ఎన్నో రాశారు. ఏదీ ఆమెకు పనికొచ్చేది కాదు. ఒకసారి ఆమె లేచి వచ్చి, చేత్తో నా మీది అక్షరాలు తడిమి, వేళ్లకంటిన సుద్దను చూసుకుని మళ్లీ వెళ్లి కూర్చుంది.

పొద్దుగుంకే వేళ కంబగిరప్ప నడుచుకుంటూ వచ్చాడు. సైకిలు తొక్కే శక్తి లేక దారిలోనే వదిలేశాడట.

“వాడు కాదమ్మా. మనోడు కాదు.”

ఈరమ్మ అప్పుడు ఏడ్చింది. ఎవరు కన్న బిడ్డో అని ఏడ్చింది. కంబగిరప్ప వీధిలోనే కూర్చుని తల నేలకు ఆనించాడు. దండమో, నీరసమో నాకు తెలియదు.

వెళ్లిన పదకొండో రోజున ఎర్రిస్వామి తిరిగొచ్చాడు. చేతికి విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు ఉంది. కట్టు కట్టినాయన ఆలస్యం చేశావని తిట్టాడట. రెండు వేళ్లు వంకరగా అతుక్కున్నాయి, ఇక మడతపడవు. లివరు లాగే పని మాన్పించి గేటు దగ్గర జెండా ఊపే పని ఇచ్చారు. గోలు ముందు నిలబడే రోజులు అయిపోయాయి.

కంబగిరప్ప అతని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఆ పొద్దే సెయ్యి చూపించింటే నేనే తుడిచేసేవాణ్ని కదరా.”

“చూపిస్తే నాటకమాడతాండాడని రాసేవాడివి మామా.”

 కంబగిరప్ప ఆ పూట నన్ను శుభ్రంగా కడిగి గోడకు కొట్టాడు. ఏడాది పాటు బాషా టీ, బన్నుల ధరలు తప్ప నా మీద ఏమీ రాయనివ్వలేదు.

మరుసటి ఏడు జట్టు మళ్లీ సెమీఫైనల్‌కు వెళ్లింది. మళ్లీ ఓడింది, ఈసారి నాలుగు గోల్స్ తేడాతో. పొద్దున్నే అంగడి ముందు ఎప్పుడూ లేనంత మంది పోగయ్యారు. కంబగిరప్ప ఏమంటాడో వాళ్లకు కావాలి. ఎవరో ఆయన చేతిలో సుద్దముక్క పెట్టారు కూడా. ఆయన స్కోరు రాశాడు. దాని కింద పదకొండు మంది ఆటగాళ్ల పేర్లు రాశాడు. సుద్ద కింద పెట్టేశాడు.

ఇంతేనా అని గొణిగారు. కొత్త కీపరు సంగతి రాయమన్నాడొకడు. ఆయన వేళ్లకంటిన సుద్ద దులుపుకున్నాడు. కాసేపు చూసి, ఉప్పులేని కూడు తిన్నట్టు ముఖాలు పెట్టుకుని వెళ్లిపోయారు.

ఎర్రిస్వామి మాత్రం ఉన్నాడు. పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాడు.

“మామా, కీపరుకు దెబ్బలేమన్నా తగిలినాయా?”

“తెలీదురా.”

“బండి తొమ్మిదిన్నరకు వస్తాది.”

కంబగిరప్ప కండువా భుజాన వేసుకుని లేచాడు. బాషాతో ఫ్లాస్కు నిండా టీ పోయించుకున్నాడు. ఇద్దరూ ఓడిపోయి వస్తున్నవాళ్లకు ఎదురుపోవడానికి, ఎండలో, పక్కపక్కనే స్టేషను దారి పట్టారు.