పద్నాలుగూ నావే

ఒంటికి వెళ్లాలంటే చాలు, కామాక్షయ్యకు ప్రాణం మీదికొచ్చేది. అంత మంట. సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి ఇక పదిరోజులే ఉన్నాయి. తొలిరోజు చుక్కాని తానే పట్టాలి. ఇరవై ఏళ్లుగా దాన్ని ఇంకొకడి చేతికిచ్చిన మనిషి కాదు.

డాక్టరమ్మ కరుణాకుమారి మూత్రం పరీక్ష చేయించి, సల్ఫా మందులు ఒంటికి పడకపోవడం ఎప్పుడైనా జరిగిందా అని అడిగి, ఆ రకం మాత్రలే పద్నాలుగిచ్చింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఏడు రోజులు. నీళ్లు బాగా తాగాలి. మంట తగ్గినా ఆపకూడదని రెండుసార్లు చెప్పింది. మన పెద్దమనిషి రెండుసార్లూ తలూపాడు.

మూడోరోజు దాటేసరికి మంట మాయమైంది. మరి మిగిలిన ఎనిమిది మాత్రలో? వలలో ఏది పడినా పడవవాళ్లందరికీ వాటా వేయడం ఆ రేవు ధర్మం. జ్వరమొచ్చి ఒడ్డున పడుకున్నవాడికీ వాటా తప్పదు. అలా పంచి పంచి అలవాటైన చేతులు ఊరుకుంటాయా? తోటివాళ్లు నలుగురికీ తలా రెండు పంచేశాడు. పద్మనాభయ్య మోకాలి నొప్పికి మింగాడు. ఒకడు పంటినొప్పికి వేసుకుంటే, ఇంకొకడు నూరి కోళ్లకు పోశాడు. బామ్మర్ది సుబ్బుకు ఏ జబ్బూ లేదు. అయినా చేతికొచ్చిన వాటా వదలడమెందుకని మింగేశాడు.

పడవలు కదిలే ముందురోజు కామాక్షయ్యకు మంట తిరిగొచ్చింది, చలిజ్వరాన్ని వెంటబెట్టుకుని. సుబ్బుకు ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు. ఇద్దరూ డాక్టరమ్మ ముందు తలలు దించుకుని నిలబడ్డారు. సంగతంతా కక్కించాక ఆవిడకు నవ్వాలో తిట్టాలో తోచలేదు. సుబ్బును జన్మలో సల్ఫా ముట్టొద్దంది. కామాక్షయ్యకు మళ్లీ పరీక్ష, మళ్లీ పద్నాలుగు మాత్రలు. అవి అయ్యేదాకా పడవ ఎక్కడానికి లేదు.

“సగం చచ్చిన క్రిమి ఊరుకుంటుందా, పెద్దాయనా?” అంది.

మర్నాడు చుక్కాని పద్మనాభయ్య పట్టాడు. పడవ కనుమరుగయ్యేదాకా చూసి, కామాక్షయ్య సిగ్గు విడిచి ఏడ్చాడు. పక్కన సుబ్బు గోక్కుంటూ ఓదార్చాడు.

మధ్యాహ్నానికి పడవ తిరిగొచ్చింది. ఒడ్డున కూర్చున్న ఇద్దరికీ నిండు వాటాలు వేశారు. కామాక్షయ్య కళ్లు మళ్లీ చెమర్చాయి. అతని వాటా కుప్ప పోసిన పద్మనాభయ్య పక్కనే చతికిలబడి మోకాలు రుద్దుకున్నాడు.

“అన్నా, ఆ మాత్రలు రొండుంటే ఇయ్యి. మళ్లీ పట్టేసింది.”

కామాక్షయ్య మాత్రల అట్టను రొంటిన దోపుకున్నాడు.

“చేపలు కావాలంటే నా వాటా గూడా ఎత్తుకోబో. ఇయి మాత్రం పద్నాలుగూ నావే” అని, నీళ్లచెంబు ఎత్తి గటగటా తాగాడు.