వెనక్కి వెళ్ళే దారి

సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో అతను ఆ ఇంటి గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటాడు. మూడేళ్ళ క్రితం ఆ మెట్టు మీద నుంచే లేచి, స్కూటరెక్కి, పెద్ద రోడ్డులో లారీ కింద పడి పోయాడు. మనిషి పోయాడు కానీ ఆ సాయంత్రం మాత్రం ఇంట్లోంచి పోలేదు. రోజూ అదే వేళకి వస్తాడు, ఎడమ బూటు లేసు ముందు కడతాడు, ఆ రోజు అన్న మాటలే అంటాడు, స్కూటరు తోసుకుంటూ సందు మలుపు తిరిగి కనపడకుండా పోతాడు. ఎదురింటి దర్జీ అతన్ని చూసే కొట్లో లైటు వేసుకుంటాడు.

"మీ ఆయన వెళ్ళాడా అమ్మాయ్? అయితే నా గడియారం మళ్ళీ వెనకబడింది" అని ముల్లు తిప్పుకుంటాడు.

అతని భార్య పాల డెయిరీలో సర్వర్లు చూసే ఇంజనీరు. పెళ్ళి కుదిరిన కొత్తలో "సర్వర్లు చూస్తానండీ" అని చెబితే, కాబోయే అత్తగారు "ఏ హోటల్లో అమ్మా?" అని అడిగింది. ఆ మాట ఎలా పాకిందో డెయిరీ దాకా పాకింది. అప్పటినుంచి అక్కడ ఆమె పేరు సర్వరమ్మ.

వాళ్ళ కూతురు పిచ్చుకకి ఆ సాయంత్రం నాటికి ఐదేళ్ళు. ఇప్పటికీ ఐదేళ్ళే. బడివాళ్ళు ఏటా ఆ పిల్లని అదే క్లాసులో, అదే బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. నేర్చుకున్నదేదీ పిల్లకి అంటదు. తిన్న తిండి ఒంటికి పట్టదు, గడిచిన రోజు వయసుకి చేరదు. అన్నీ ఎక్కడో పక్కన పోగుపడుతుంటాయి. "నా మనవరాలంత పొదుపరి ఈ వీధిలో లేదు. ఒక్క గౌనుతో మూడేళ్ళు లాక్కొచ్చింది" అని నానమ్మ నవ్వేది.

ఈమధ్య ఆమె నవ్వడం మానేసింది. పిల్ల ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి అలాగే ఆగిపోతోంది. కళ్ళు తెరిచే ఉంటాయి. మొదట్లో ఒక రెప్పపాటు ఆగేది. తర్వాత గ్లాసు కడిగి నీళ్ళు తెచ్చేంత సేపు. మొన్న ఆదివారం ఊపిరి కూడా ఆగి పెదాలు నీలం తిరిగాయి. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి కాగితాలు బల్ల మీద పరిచాడు.

"ఒక్కదాంట్లోనూ వంక లేదమ్మా. కానీ ఈసారి ఇంతకన్నా ఎక్కువసేపు ఆగితే, తిరిగొస్తుందని నేను మాటివ్వలేను."

బుధవారం పొద్దున సర్వరమ్మ డెయిరీకి వెళ్ళేసరికి గేటు బయట పాల టాంకర్లు బారులు తీరి ఉన్నాయి. తూకం వేసే గదిలో తెరలన్నీ బిగుసుకుపోయాయి. మేనేజరు ఎదురొచ్చాడు.

"అక్కడ టాంకర్లలో పెరుగు తోడుకుంటోందమ్మా. త్వరగా చూడు."

డెయిరీకి ఉన్నవి మూడు సర్వర్లు. చూడ్డానికి మూడు ఇనప పెట్టెలే, కానీ వాటి కడుపులో నలభై మెషీన్లు నడుస్తుంటాయి. చేత్తో ముట్టుకోడానికి ఒక్కటీ దొరకదు. ఒకటి పాలు తూస్తుంది, ఒకటి వెన్న శాతం రాస్తుంది, ఒకటి బిల్లులు వేస్తుంది. ఇవాళ తూకం మెషీను నిలబడిపోయి, మిగతావాటినీ నిలబెట్టేసింది.

ఆమె చలిగదిలోకి వెళ్ళి ముందు డిస్కుల లైట్లు చూసింది. అన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కరెంటు సరిగానే ఉంది. నెట్‌వర్కు చూసే పెద్దాయన అప్పటికే నేల మీద బాసింపట్టు వేసుకుని వైర్లు లాగుతున్నాడు. అందరికీ ఆయన కేబుల్ మామ.

"నా వైపు తప్పేం లేదు సర్వరమ్మా."

"ఎప్పుడూ అదే మాట. పోయినసారి తెగిన తీగ ఎవరిది మామా?"

"కొరికింది ఎలుక, తిట్లు నాకు. ఇదిగో, స్టోరేజీకి వెళ్ళే రెండు తీగల్లో ఒకటి తప్పులు చూపిస్తోంది. మార్చేశా. చూడు."

చూసింది. కదల్లేదు. రెండో తీగ మీద నడవాల్సింది నడుస్తూనే ఉంది కాబట్టి జబ్బు అది కాదు. అప్పుడు మెషీన్ల లెక్కలన్నీ దాచుకునే స్టోరేజీ తెరిచింది. లోపల సూది మోపే సందు లేదు. నిన్నటిదాకా సగం ఖాళీ అనుకున్న చోటుని తూకం మెషీను పేరు మీద ఒక్క ఫైలే తినేసింది.

"స్నాప్‌షాట్" అంది ఆమె. "మూడు నెలల కిందట సాఫ్ట్‌వేరు మార్చిన రోజున ఎవరో తీసి, మర్చిపోయారు."

వెనక్కి రావాల్సి వస్తుందేమోనన్న భయంతో మెషీనుని ఒక క్షణం దగ్గర పట్టి ఉంచడం అది. ఆ క్షణం చెక్కు చెదరదు. తర్వాత జరిగేదేదీ అసలు డిస్కుకి అంటకుండా పక్కన పోగవుతుంది. ఒకటి రెండు రోజులుంచి తీసెయ్యాలి. ఉంచేస్తే ఆ పోగు పెరిగి పెరిగి చివరికి మెషీనుకే ఊపిరాడదు.

మేనేజరు తలుపు దగ్గరే నిలబడి వింటున్నాడు. "డిలీట్ చేస్తావా? అప్పుడీ మూడు నెలల లెక్కలన్నీ పోవూ?"

అందరూ అడిగే ప్రశ్నే. ఆమె ఎన్నోసార్లు చెప్పిన జవాబే చెప్పింది. "ఏమీ పోవు సార్. ఈ మూడు నెలలూ అసలు డిస్కులో కలిసిపోతాయి. వెనక్కి వెళ్ళే దారి ఒక్కటే పోతుంది."

చెప్పి, తన గొంతు తనకే కొత్తగా వినిపించి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మేనేజరు ఫోను మోగితే బయటికి వెళ్ళాడు.

"మామా, మా పిచ్చుక కూడా ఇలాగే ఆగిపోతోంది."

కేబుల్ మామ చేతిలోని తీగని చుట్టలు చుట్టాడు, మళ్ళీ విప్పాడు. "తెలుసమ్మా. ఎందుకో కూడా తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీ ఇంట్లో ఆ సాయంత్రాన్ని తీసెయ్యమని ఏ నోటితో చెప్పను?"

కలపడానికి కూడా కాస్త చోటు కావాలి. పాత మెషీను ఒకదాన్ని వేరే స్టోరేజీకి తరలించి చోటు చేసి, డిలీట్ నొక్కింది. అది కలిసే వరకు ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దంది. మధ్యలో కదిపితే పాతదీ దక్కదు, కొత్తదీ దక్కదు. మధ్యాహ్నానికి మొదటి టాంకరు తూకానికి ఎక్కింది. ఆమె సెలవు చెప్పి ఇంటికొచ్చింది.

అత్తగారు వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది.

"అత్తయ్యా, ఆ సాయంత్రాన్ని తీసెయ్యాలి."

"తీసెయ్యడమంటే?"

"ఇంక రాడు."

గిన్నె తుడవడం ఆగలేదు. "ఆ రోజు చెయ్యి పట్టుకుని ఆపలేకపోయావు. ఇప్పుడు పొమ్మనడానికి మాత్రం నోరొస్తోందా?"

కోడలు ఆ దెబ్బ కాచుకుంది. "పిచ్చుక ఈసారి ఆగితే తిరిగి రాదత్తయ్యా."

"వాణ్ణి కన్నదాన్ని. రోజూ ఆ కాసేపు కంటికి కనపడకపోతే నేనేమైపోతానో ఆలోచించావా?"

"ఆలోచించాను. నేనేమైపోతానో కూడా ఆలోచించాను."

అత్తగారు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

వేళకి అతను వచ్చాడు. ఎడమ బూటు, కుడి బూటు. లేచి, జేబులో తాళాలు తడుముకుని, "వెళ్ళొస్తా" అన్నాడు.

బయటికి వెళ్ళేవాడు వెళ్తానని అనడు కదా, వెళ్ళొస్తాననే అంటాడు. ఇంట్లో ఉన్నవాళ్ళు వెళ్ళిరా అంటారు. ఆ రోజు అత్తా కోడలూ పనుల్లో ఉండి తలెత్తకుండానే ఆ మాట అన్నారు. తర్వాత రోజూ గుమ్మంలో నిలబడి, కళ్ళారా చూస్తూ అన్నారు. రమ్మంటున్నారు కాబట్టి వస్తున్నాడు.

"వెళ్ళు" అంది భార్య. వెనకే వచ్చే 'రా'ని పళ్ళ బిగువున ఆపింది.

అతను ఎన్నడూ లేనిది వెనక్కి తిరిగాడు. భార్యని చూశాడు, తర్వాత తల్లిని చూశాడు, ఎవరో ఇంకో మాట బాకీ ఉన్నట్టు. ఒక్క అక్షరం చాలు. తల్లి పెదాలు ఆ అక్షరం కోసం విచ్చుకున్నాయి. ఆ పెద్దావిడ తన చీర కొంగు గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది.

అతను తలూపి, స్కూటరు తోసుకుంటూ సందు మలుపు తిరిగాడు. ఎదురింట్లో దర్జీ లైటు వేసి, ఈ గుమ్మం వైపు చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళాడు.

లోపల పిచ్చుక ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయి ఉంది. నానమ్మ భుజం పట్టి కుదపబోతే కోడలు ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. "ముట్టుకోకండి. కలవనివ్వండి."

పిల్ల పెదాలు నీలమయ్యాయి. అత్తా కోడలూ చెరోవైపు కూర్చున్నారు. పట్టుకున్న చేతులు విడవలేదు. ఎంతసేపటికో గౌను చంకల దగ్గర టప్పున కుట్టు తెగింది. అంచు మోకాళ్ళ పైకి జరిగింది. జుట్టు మెడ దాటి వీపు మీదికి దిగింది. ముద్ద పట్టుకున్న వేళ్ళు సన్నగా, పొడుగ్గా సాగాయి. అప్పుడు పిల్ల ఊపిరి లోపలికి లాగింది, నీళ్ళలో నుంచి తేలినట్టు.

ఎనిమిదేళ్ళ పిల్ల. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఖాళీగా ఉన్న మెట్టు వైపు చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. తండ్రి పోయి మూడేళ్ళయిన పిల్ల చూసే చూపే అది.

"అమ్మా, నాన్న గొంతు ఎలా ఉండేది? గుర్తు రావట్లేదు."

గంట కిందట ఆ గొంతు ఈ గుమ్మంలోనే మాట్లాడింది. తల్లి చెప్పబోయింది.

"నాలాగే ఉండేది. కాస్త బొంగురుగా" అంది నానమ్మ.

"అయితే నువ్వు మాట్లాడు నానమ్మా."

"ఏం మాట్లాడనే?"

"ఏదైనా."

నానమ్మ గొంతు సవరించుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పిల్ల కళ్ళు మూసుకుని వింది. పదకొండు దగ్గర వెక్కి వెక్కి ఏడవసాగింది. నానమ్మ ఆపలేదు. పన్నెండు, పదమూడు అంటూ, అదే బొంగురు గొంతుతో, పోతూనే ఉంది.