టిక్కులూ ఇంటూలూ

నర్సు ఇచ్చిన కాగితం మీద మా చెల్లి గురించి 'స్నేహితులు లేరు', 'కంగారు ఎక్కువ' లాంటి ఎనిమిది వాక్యాలున్నాయి, ఒక్కోదాని పక్కన ఒక చిన్న గడి. తెలిసినంతలో గుర్తు పెట్టమంది. చిక్కు మనిషి స్వభావంలో ముందునుంచీ ఉందా, లేక ఇప్పటి కష్టమేనా అన్నది డాక్టరు తొలిచూపులో అంచనా వేసుకోవడానికట. అందుకే ఇంట్లోవాళ్లనీ అడుగుతారట.

మానసిక అత్యవసర విభాగంలో కుర్చీలన్నీ నేలకు బిగించి ఉన్నాయి. ఎదురుగా ఒకాయన లేచి తలుపు దాకా వెళ్తాడు, తిరిగొచ్చి కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. నేనూ రెండుసార్లు లేచాను. అద్దం అవతలి గదిలో చెల్లి మంచం అంచున కూర్చుని ఉంది. పొద్దున అమ్మ మిగిల్చిన మాత్రలు మింగింది. ప్రాణాపాయం లేదన్నారు. అమ్మ పోయి ఆరు వారాలు.

ఈ సాయంత్రమే ఇంటికి పంపేస్తారేమోనని నా భయం. ఆ ఇంట్లో అమ్మ మంచం ఇంకా తీయలేదు. పదకొండేళ్లు చెల్లి ఆ మంచం పక్కనే పడుకుంది. నేను ఆదివారాలు వచ్చి వెళ్లేదాన్ని.

పెన్ను తీసి చకచకా కానిచ్చాను. నర్సు గుర్తులు లెక్కపెట్టి, పైన ఎనిమిది వేసి దాని చుట్టూ సున్నా చుట్టింది. ఎనిమిదికి ఎనిమిది అని చూసి ఒక్క క్షణం నా మనసు కుదుటపడింది. మూడు దాటితే చిక్కు స్వభావంలోనే ఉందేమోనని ఇంకా లోతుగా విచారిస్తారని ఆవిడ చెప్పాక, అవి మార్కులు కావని తెలిసింది.

"ఆవిడకి స్నేహితులే లేరా?" అని అడిగింది.

"వీధంతా స్నేహితులే. అది మంచిదేగా, అందుకే టిక్కు పెట్టాను."

"మరి కంగారు?"

"అది ఎక్కువే. లోపం కాబట్టి ఇంటూ పెట్టానుగా."

ఆవిడ కాగితం మీది టిక్కులూ ఇంటూలూ మళ్లీ చూసింది. "మీరు టీచరా?"

అవునన్నాను.

"టిక్కయినా ఇంటూ అయినా గుర్తు గుర్తే మేడమ్. ఆ మాట వర్తిస్తేనే పెట్టాలి."

కొత్త కాగితం ఇచ్చింది. వాక్యాలకు పైన 'సాధారణంగా' అని ఒక మాట ఉంది. ప్రశ్న రెండుసార్లు చదవమని ఇరవై ఎనిమిదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. నేను ఒక్కసారి కూడా సరిగా చదవలేదు. సాధారణంగా అంటే ఎప్పటినుంచని అడిగాను. పెద్దయినప్పటినుంచీ అంది, ఈ ఆరు వారాలు కాదు.

కంగారు ఈ ఆరు వారాలది. కోపమూ అంతే. వాటిని ఖాళీగా వదిలాను. 'ఎవరినీ నమ్మరు' దగ్గర పెన్ను ఆగిపోయింది. నర్సును అడిగి కాగితంతో లోపలికి వెళ్లాను.

"ఇక్కడా దిద్దుతున్నావా పంతులమ్మా?" చెల్లి గొంతు బొంగురుగా ఉంది. "ఎన్నొచ్చాయేం?"

"ఇందాక ఎనిమిదికి ఎనిమిది."

"నా జన్మలో అన్ని రాలేదు."

నవ్వబోయి ఆగిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. మళ్లీ లేచి కిటికీ దాకా వెళ్లొచ్చాను. చివరికి అడిగేశాను, నువ్వు ఎవరినీ నమ్మవా అని.

"అమ్మ మాత్రలు నీ చేత ఎప్పుడూ వేయించలేదనా?"

నేను కాగితం ఒళ్లో పెట్టుకున్నాను.

"నమ్మక కాదక్కా. నీకు వేళలు తెలియవు."

ఆ గడి పక్కన 'తెలియదు' అని రాశాను. దాని కింది మూడింటి పక్కనా అదే రాశాను. ఇన్నేళ్లలో ఏ కాగితం మీదా నేను రాయని మాట అది.

కాసేపటికి లోపలికి వచ్చిన డాక్టరు చిన్నపిల్లలా ఉంది. కాగితం చదివి, తెలియదన్నవి కొట్టేయమని అనలేదు. ఈ ఒక్క కాగితంతో ఎవరి స్వభావమూ తేల్చబోమనీ, మనిషి ఇలా ఉన్న రోజున అడిగింది మళ్లీ కుదుటపడ్డాక అడుగుతామనీ చెప్పింది. పొద్దున జరిగినదాన్ని బట్టి చెల్లిని ఇవాళ పంపడం లేదంది. కనీసం మూడు రోజులు ఉంచుతారు. ఆవిణ్ని బాగా ఎరిగినవాళ్లు రోజూ వస్తే మంచిదంది.

"మా అక్క ఆదివారాలే వస్తుందండీ," అంది చెల్లి గోడవైపు చూస్తూ.

బయట ఆయన మళ్లీ లేచి తలుపు దాకా వెళ్తున్నాడు. నేను నర్సు దగ్గరికి వెళ్లి, రోగుల్ని చూడ్డానికి ఎప్పుడు రానిస్తారని అడిగాను. పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి అంది. మాత్రలు ఎప్పుడెప్పుడు ఇస్తారో కూడా అడిగాను. అవన్నీ నేను మొదట పాడుచేసిన కాగితం వెనక రాసుకున్నాను, రెండుసార్లు చదివాను.