గేటు దగ్గర బొటనవేలు

గ్రేసీ కుడిచేతి వేళ్లు మూడు జ్యూస్ ఫ్యాక్టరీ మిషన్‌లో పోయి మూడు నెలలైంది. ఫ్యాక్టరీ వాళ్లు మాత్రం, ఆ మనిషి మా దగ్గర పనే చేయలేదని లేబర్ ఆఫీసుకు రాసి పంపారు. రాసిన చేతికి ఐదు వేళ్లూ ఉన్నాయి కాబట్టి అంత తేలిగ్గా రాసుంటుంది.

వాళ్ల ధైర్యానికి కారణం లేకపోలేదు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి సీజన్ మొదలైతే ఫ్యాక్టరీలకు చేతులు కావాలి, పేర్లు ఎవరికీ పట్టవు. పక్కింటి సుబ్బులమ్మకు ఈ ఏడు మోకాళ్లు పట్టేశాయి. ఆమె బదులు గ్రేసీ వెళ్తే మేస్త్రీ ప్రతాప్ తల కూడా ఎత్తలేదు.

"కొత్త పేరు ఎక్కించాలంటే పైనోళ్లు సవాలక్ష కాయితాలు అడగతారు. లిస్టులో సుబ్బులమ్మ పేరుండాది గదా, దాని కిందే నీ వేలు పెట్టు," అన్నాడు.

గేటు దగ్గరి హాజరు మిషన్‌లో గ్రేసీ కుడి బొటనవేలు పెట్టింది, సుబ్బులమ్మ పేరు కింద ఆ ముద్రే ఎక్కింది. అందరూ చేసేదే కదా అనుకుంది. అది తన తప్పేనని ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

గుజ్జు తీసే మిషన్‌లో టెంక ఇరుక్కున్నప్పుడు, "ఆపొద్దు మే, బయట లారీలు నిలబడుండాయి, చేత్తో లాగెయ్," అన్నది కూడా ఈ ప్రతాపే. గ్రేసీ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక డబ్బుల కవరు ఒకటి తెచ్చి, తెల్లకాగితం మీద సంతకం అడిగాడు.

"సంతకం పెట్టే వేళ్లు మీ మిషన్‌లోనే ఉండాయి. ఆడే ఎతుక్కోపోన్నా," అంది గ్రేసీ.

దాంతో అతను సుబ్బులమ్మ ఇంటి మీద పడ్డాడు. పేరు వాడుకోనిచ్చినందుకు నీమీద కేసవుతుందని బెదిరించాడు. ఆ రోజు నుంచి సుబ్బులమ్మ గ్రేసీ కంటపడితే తలుపు వేసుకునేది.

సోమవారం లేబర్ ఆఫీసర్ మేడమ్ విచారణకు ఫ్యాక్టరీకే వచ్చింది. మేనేజర్ రిజిస్టర్ తెరిచాడు. ప్రమాదం జరిగిన రోజు పనిలో ఉన్నది సుబ్బులమ్మ, ఆమె వేళ్లు పదీ భద్రంగా ఉన్నాయి, ఇక పరిహారం ఎవరికని అడిగాడు. గ్రేసీకి ఒళ్లు మండింది. నోరు తెరవబోయేంతలో వాకిట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"ఈ సీజన్‌లో నేను ఒక్క కాయ కూడా కొయ్యలేదు మేడమ్." సుబ్బులమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "కేసు పెడితే పెట్టుకోమనండి. ఈ మోకాళ్లతో ఇంట్లో కూసునేది జైల్లో కూసుంటా."

"ఇద్దరూ కూడబలుక్కోని వచ్చినారు మేడమ్," అన్నాడు ప్రతాప్.

"గేటు కాడికి రండి మేడమ్, సూపిస్తా," అంది గ్రేసీ.

అందరూ నడిచారు. గ్రేసీకి లోపల భయంగానే ఉంది. సీజన్‌లో మామిడి సొనకు బొటనవేలి తోలు లేచిపోయి, నాలుగైదు సార్లు రుద్దితే గానీ ఆ మిషన్ పట్టేది కాదు. కానీ మూడు నెలలుగా ఆ చేతికి పనెక్కడిది? తోలు మళ్లీ వచ్చింది. మిషన్ వదిలిపెట్టిన ఆ బొటనవేలు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది, 'థాంక్యూ' అంది మిషన్. తెర మీద సుబ్బులమ్మ పేరు పడింది.

"అక్కా, నువ్వు పెట్టు."

సుబ్బులమ్మ పెట్టింది. ఎర్ర దీపం. చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్ర దీపమే.

"మిషన్‌లన్నాక ఒక్కోసారి తప్పు సూపిస్తాయి మేడమ్," అని నసిగాడు ప్రతాప్.

గ్రేసీ అతని వైపు తిరిగింది. "సొనకి తోలు ఊడి, వేలు పడక ఐదు నిమిషాలు లేటైతే నాకు సగం కూలి కోసినావు. వచ్చినానన్నా అంటే, మిషన్ అబద్ధం చెప్పదు, నువ్వే చెప్తావుండావు అంటివి. ఆపొద్దని లారీల పేరు చెప్పింది గూడా ఈ నోరే. ఈ పొద్దు మిషన్‌కి అబద్ధాలు ఎవురు నేర్పినారు?"

ప్రతాప్ మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ చేతిలోని రిజిస్టర్ మూశాడు.

"పేరు ఎవరిదైనా, హక్కు పని చేసిన మనిషిది," అంది మేడమ్. గేటు పక్క బల్ల మీద కాగితం పరిచి పెన్ను తీసింది. "చెప్పమ్మా, పేరు?"

"గ్రేసీ," అంది ఆమె. "ఈసారి నా పేరే రాయండి మేడమ్."